రంగునీళ్ళ సందు

ఆ రోజుల్లో మా కళ్ళకు ఏలూరంటే మహాపట్టణం. అది ముప్ఫై మూడో సంవత్సరమో ముప్ఫై నాలుగో, సరిగ్గా గుర్తులేదు. గుండుగొలనులో పుట్టి, పొలం గట్లమీద పెరిగి, ట్రైనింగు ముగించుకుని పంతొమ్మిదో ఏట అక్కడి మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. నాలుగు నెలలు గడిచేసరికి ఏలూరంతా నాకు కొట్టినపిండి అయిపోయిందనుకున్నాను. నిజానికి నాకు తెలిసినవి స్టేషను నుంచి బడికి, బడి నుంచి చర్చికి, చర్చి నుంచి బజారుకు పోయే దారులు మూడే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం మా మేనత్తలకు పట్టణమంతా వీధి వీధినా వర్ణించి చెప్పేదాన్ని (తెలియనిచోట రెండు మేడలు కలిపేదాన్ని).

ఒక సోమవారం పెద్ద పంతులమ్మగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు, అందుకే మాకు మరీ భయం.

"ఒకటో తరగతిలో ఎంతమంది ఉన్నారమ్మా?"

"తొమ్మిదిమందండీ."

"మూడు వారాల్లో ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వస్తున్నారు. ఇరవైమందైనా లేకపోతే తరగతి ఎత్తేసి రెండోదాంట్లో కలిపెయ్యమంటారు. అప్పుడు మనకొక పంతులమ్మ ఎక్కువైపోతుంది."

ఎక్కువైపోయేది ఎవరో ఆవిడ చెప్పలేదు. అందరికంటే ఆఖర్న చేరింది నేనే. మా నాన్న ప్రతి ఆదివారం చర్చిలో లేచి నిలబడి, కూతురికి ఏలూరులో ఉద్యోగం ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పేవాడు. నెల గడిచాక పాదిరిగారే, "ప్రభువు విన్నాడులేవయ్యా, ఇక కూర్చో" అన్నారట. అయినా మానలేదు. నేను పెట్టె పట్టుకుని ఇంటికి చేరితే ఆయన ఏ ముఖంతో చర్చికి వెళతాడు?

ఆ సాయంత్రం నుంచే పిల్లల వేట మొదలుపెట్టాను. తోడుగా మా బడి ఆయా వచ్చేది. అందరం ఆమెను పిన్నమ్మ అనేవాళ్ళం. నాది సంచీ, ఆమెది రిజిస్టరు. నాకు తెలిసిన మూడు దారుల్లో ఉన్న ఇళ్ళన్నీ తట్టాం. చదివించేవాళ్ళు ముందే చేర్పించారు, మిగిలినవాళ్ళు మజ్జిగ ఇచ్చి మర్యాదగా సాగనంపారు. రెండు వారాల కష్టానికి ఒక్కతే దొరికింది. ఆ పిల్ల కూడా వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో లేని రోజులే వస్తుందని తల్లి షరతు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, బజారుకు అడ్డంగా గడ్డిబండి ఒకటి ఇరుసు విరిగి కూలబడింది. దాన్ని తప్పించుకోవడానికి పక్క సందులోకి తిరిగాం. ఆ సందు ఇంకో సందులోకి, అది మరో సందులోకి దారితీసి, మొత్తానికి మమ్మల్ని ఎక్కడికో తెచ్చి వదిలేసింది. కాళ్ళ పక్కన కాలవలో నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి.

"అయ్యబాబోయ్, ఎవర్నో నరికేశారమ్మా! ఎనక్కి తిరగండి!" అంది పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని.

నాకూ భయమేసింది. కానీ నాలుగడుగులు వేసేసరికి ఆ నీళ్ళలో పసుపు కలిసింది, ఆ పైన నీలం. "నీలం నెత్తురు ఎక్కడైనా ఉంటుందా పిన్నమ్మా?" అన్నాను, పెద్ద ధైర్యవంతురాలిలా. ఆ కాలవ వెంటే నడిచి మలుపు తిరిగాం.

నలభై గడపల పేట! గుమ్మాల ముందు వెదుర్లమీద ఎర్రవి, పచ్చవి, నీలివి ఉన్నిదారం చిలపలు ఆరుతున్నాయి. తివాచీలు నేసేవాళ్ళ కోసం ఉన్నికి రంగులు వేసే కుటుంబాలవి. మరి ఆడపిల్లలో! వీధినిండా ఆడపిల్లలే. నా మొహం వికసించేలోపే అందులో ఒకతె మా సంచీని, రిజిస్టరును చూసి, "టీకాలోళ్ళొచ్చారే!" అని కేక పెట్టింది. అంతే, రెప్పపాటులో వీధి ఖాళీ. తలుపులన్నీ మూతపడ్డాయి.

"టీకాలు కాదండీ, మేం బడివాళ్ళమండీ!" అని అరుస్తూ ముందుకు పరుగెత్తాను. అరుస్తున్నంతసేపూ నా చూపు తలుపులమీదే ఉంది. నేలలోకి దింపిన రంగుతొట్టి కనబడలేదు. నడుం లోతు దిగబడ్డాను.

ఒక తలుపు ఓరగా తెరుచుకుంది. ముసలావిడ ఒకామె బయటికొచ్చి, నడుమున చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "టీకాలేసేదానివైతే ఇంత తెలివితక్కువగా పడవులే. లే అమ్మా."

లేచి చూసుకుంటే నా తెల్లచీర ఆకుపచ్చగా ఉంది. "ఫరవాలేదండీ, ఆకుపచ్చేగా, ఉతికితే పోతుంది" అన్నాను బింకంగా.

"ఉండు. అది నీలిమందు తొట్టి, గాలి తగలనీ" అందావిడ. చూస్తూండగానే చీర నీలమైపోయింది, నా చేతులతో సహా. పిన్నమ్మ మొదట నవ్వింది. తర్వాత ముసలావిడ. ఆ తర్వాత ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది.

చీర ఆరేదాకా కదిలే వీల్లేదు. ఆ మామ్మగారి ముతకచీర కట్టుకుని అరుగుమీద కూర్చున్నాను. పిల్లలు చుట్టూ మూగారు. సంచీలోంచి పలక తీసి అ, ఆలు రాశాను. వాళ్ళు రాయడమే కాదు, నా గీత వంకరగా ఉందని కూడా చెప్పారు (నిజమే, చెరిపి మళ్ళీ రాశాను).

"ఇన్నాళ్ళూ బడికి పంపలేదేమండీ మామ్మగారూ?" అని అడిగాను.

"మీ గంట రోజూ వినబడుద్దమ్మా. అది వినే ఎసరు పెట్టుకుంటాం. పిల్లల్ని పంపమని ఎవరూ రాలేదు. పిలవని బడికి ఎట్టా పంపేది?"

చీర ఆరాక నీలం చేతులతోనే బజారు మీదుగా తిరిగొచ్చాను. మర్నాటి నుంచి నేనే వెళ్ళి పధ్నాలుగుమందిని వెంటబెట్టుకొచ్చి, సాయంత్రం మళ్ళీ దింపి వచ్చేదాన్ని. అది మామ్మగారి షరతు.

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చినరోజు పిల్లల రంగు వేళ్ళు చూసి ఆశ్చర్యపోయారు. "మీరంతా ఏ వీధివాళ్ళర్రా?" అని అడిగారు. పెద్ద పంతులమ్మగారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఆ వీధికి పేరున్నట్టు ఎవరూ నాకు చెప్పలేదు. అందరికంటే చిన్నది లేచి చేతులు కట్టుకుని, "పంతులమ్మగారు తొట్లో పడ్డ వీధండీ" అంది. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నారు. తరగతి నిలిచింది, నేనూ నిలిచాను. ఆవిడ వెళ్ళాక పెద్ద పంతులమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. అక్కడ నిజంగా ఇళ్ళున్నాయా?" అని నెమ్మదిగా అడిగారు. ఆ శనివారం ఆవిణ్ణి కూడా తీసుకువెళ్ళాను.

ఆ తర్వాత నాకదో పిచ్చి అయిపోయింది. శనివారం వస్తే చాలు, పిన్నమ్మను లాక్కుని తెలియని సందుల్లో పడేదాన్ని. చాపలు అల్లేవాళ్ళ పేట అలాగే దొరికింది, కుమ్మరి పేట కూడా. కొన్నేళ్ళకు తాడేపల్లిగూడెం బదిలీ చేశారు. అప్పటికి పెద్దరికం వచ్చింది, నలుగురిని దారి అడిగి వెళ్ళడం నేర్చుకున్నాను. ఆ తర్వాత తప్పిపోలేదు. కొత్త పేట కూడా ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని అరుగుమీద కూర్చున్నప్పుడు, నీలం చేతులతో బజారులో తలెత్తుకుని నడిచిపోయిన ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని పిలిచి, ఇంకో సందు తిరిగి రావే అనాలనిపిస్తుంది.