సిలిండరుకు కట్టిన దారం

శాలిబండలో మా తమ్ముడికి కార్ల షెడ్డు ఉంది. ముందు భాగంలో మామూలు కార్ల పని జరుగుతుంది. వెనక రేకుల కింద రేసు కార్ల పని. రేసు కార్లంటే టీవీలో చూపించేవి కావు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పాత చిన్న కార్లు కొని, ఆదివారాలు ఊరి బయట మట్టి మైదానంలో ఒకరి తర్వాత ఒకరు నడుపుతారు. ఎవరు తక్కువ సమయంలో చుట్లు పూర్తిచేస్తే వాళ్లకు కప్పు. తమ్ముడు వాళ్ల కార్లను పోటీకి సిద్ధం చేసేవాడు, తన కారు ఒకటి తానే నడిపేవాడు.

మా ఆయన పోయాక నేను తమ్ముడి ఇంటికి వచ్చేశాను. సీటు కవర్లు కుట్టడం అప్పటికే వచ్చు కాబట్టి షెడ్డులో ఒక మూల మిషను వేసుకుని కూర్చున్నాను. రేసు కారు సిద్ధం చేయడమంటే వేగం పెంచడమే అనుకున్నాను మొదట్లో. చూస్తే సగం పని లోపల కూర్చునే మనిషిని కాపాడే సామాను బిగించడమే. వెనక సీటు తీసేసి, లోపలంతా ఇనుప పైపులతో పంజరంలా వెల్డింగ్ చేస్తారు. కారు పల్టీ కొట్టినా పైకప్పు తల మీదికి దిగదు. డ్రైవరుకు ఆరు పట్టీల బెల్టు. బయటి నుంచి కూడా కరెంటు ఆపడానికి ఒక స్విచ్. డ్రైవరు చేతికి అందేచోట మంటలార్పే ఎర్ర సిలిండరు.

పైపులకు తల తగిలే చోట స్పాంజి చుట్టి, మీద రెగ్జిన్ కుట్టడం నా పని. మొదటిసారి సీటు కుట్టినట్టే మెత్తగా కుట్టాను. తమ్ముడు వేలితో నొక్కి చూశాడు.

"సోఫా అనుకున్నవా అక్కా? మెత్తగుంటె తల లోపలికి పోయి ఇనుముకే తగుల్తది. గట్టిగుండాలె."

"గట్టిగుంటె నొప్పి పెట్టదా?"

"నొప్పే గదా. తల పగల్తె నొప్పి గూడ తెల్వది."

ఇంకో మాట కూడా ఆ రోజే చెప్పాడు. బెల్టుకు మాత్రం నా సూది తగలకూడదు. పట్టీ పొడుగైనా, అంచు లేచినా నేను కుట్టు వేయకూడదు, అది బలహీనమవుతుంది. ఆ మాట నేను ఏనాడూ దాటలేదు. సిలిండరు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. దాని మీద ఏదో రాసి ఉండేది. అప్పటికి నాకు అక్షరాలు రావు.

పక్క దుకాణంలో డెంటింగ్ పని చేసే భాయ్ రోజూ చాయ్ గ్లాసుతో వచ్చి ఆ కార్లను చూసి నవ్వేవాడు. "క్యా ఆపా, పీఛే కీ సీట్ నికాల్ దియే. దుల్హన్ కు కాఁ బిఠాతే?" అనేవాడు. వెనక సీటు తీసేశారు, ఇక పెళ్లికూతుర్ని ఎక్కడ కూర్చోబెడతారని.

"దుల్హన్ వద్దన్నదనే గదా భాయ్ గీ బండి కొన్నరు," అనేవాడు తమ్ముడు. తమ్ముడికి పెళ్లి కాలేదు. ఆ జోకు తన మీద తనే వేసుకున్నాడని మాకు తెలుసు.

దసరాకు షెడ్డులో పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూలు వేసి పూజ చేస్తాం. పసుపులో ముంచిన నూలు దారం ప్రతిదానికీ కడతాం. పానాలకు, జాకీకి, వెల్డింగ్ మిషనుకు, నా కుట్టు మిషనుకు, కార్లకు. కట్టేది ఎప్పుడూ నేనే. ఆ దారాన్ని ఎవరూ తెంపరు. దానంతట అదే మాసి రాలిపోవాలి.

నేను చెప్పబోయే దసరాకు ముందు ఏడాది తమ్ముడి కారు స్టీరింగుకు కట్టిన దారం సాయంత్రానికే తెగింది. తర్వాతి ఆదివారం ఆ కారు మైదానంలో పల్టీ కొట్టింది. వాడికి గీత పడలేదు. కాపాడింది పంజరమని అందరూ అన్నారు. నాకు మాత్రం దారం తెగడమే మనసులో ఉండిపోయింది.

అందుకే ఆ దసరాకు వాడి కారుకు నూలు దారం వాడలేదు. సీట్లు కుట్టే నైలాన్ దారాన్ని నాలుగు పోగులు పేని, పసుపు రాశాను. స్టీరింగుకు కట్టబోతే తమ్ముడు వద్దన్నాడు.

"చేతికి అడ్డమొస్తది అక్కా. ఇంకేడనన్న కట్టు."

కారులోకి వంగి చూశాను. మనిషిని కాపాడేది ఏది అని చూశాను. సిలిండరు కనబడింది. దాని పిడి చుట్టూ, పైనున్న పిన్ను కొక్కెంలో నుంచి తీసి, మళ్లీ పిడి చుట్టూ తిప్పి, సీటు అడుగున వేసే ముడి వేశాను. ఆ ముడి ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. మీద ఒక బంతిపువ్వు గుచ్చాను. బాగుందనిపించింది.

పండగైన తర్వాతి ఆదివారం పోటీ. నేను ఎప్పుడూ వెళ్లేదాన్ని కాదు, ఆ రోజు వెళ్లాను. పోటీకి ముందు ఒక పెద్దాయన ప్రతి కారునూ పరీక్ష చేశాడు. బెల్టు లాగి చూశాడు, పైపులు తట్టి చూశాడు, హెల్మెట్ తిప్పి చూశాడు. సిలిండరు దగ్గరికి వచ్చేసరికి దారం, పువ్వు కనబడ్డాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పూజ చేసిన్రా?"

"మా అక్క చేసింది సార్," అన్నాడు తమ్ముడు.

"మంచిది," అని సిలిండరు మీదున్న గడియారం లాంటిదాంట్లో ముల్లు ఎక్కడుందో మాత్రం చూసి కాగితం మీద సంతకం పెట్టాడు. పూజ దారం ఆయన మాత్రం ఎలా తెంపుతాడు.

నేను మైదానం చుట్టూ కట్టిన తాడు బయట టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూడో చుట్టులో తమ్ముడి కారు ఒక మట్టి దిబ్బ ఎక్కి దిగి, దూరంగా ఆగిపోయింది. ముందు నుంచి పొగ వచ్చింది, తర్వాత మంట. పెట్రోలు పైపు ఊడిందని తర్వాత చెప్పారు. తమ్ముడు బెల్టు విప్పుకుని బయటికి వచ్చేశాడు. అక్కడితో దూరంగా జరిగితే అయిపోయేది. ఆరు నెలలు వాడు చేతులారా చేసుకున్న కారు అది. మళ్లీ తలుపులోకి వంగి సిలిండరు పీకి తెచ్చాడు. కారు పక్కనే నిలబడి, మాకు వీపు చూపించి, తల దించుకుని ఏదో విప్పుతున్నట్టు కనిపించాడు. అంతసేపు ఏం చేస్తున్నాడా అనుకున్నాను. మైదానం మనుషులు వేరే సిలిండర్లతో పరుగెత్తుతున్నారు. వాళ్లు చేరేలోపు బానెట్ కింద నుంచి మంట ఒక్కసారి బయటికి కొట్టింది.

నేను లేచానో లేదో గుర్తులేదు. టిఫిన్ డబ్బా మాత్రం చేతిలోనే ఉంది. ఆస్పత్రిలో కూడా నా చేతిలోనే ఉంది. ఎవరో తీసి పక్కన పెట్టారు.

కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. ఒళ్లు, ముఖం బాగానే ఉన్నాయి. మంటకు ఓర్చే బట్టలు వేసుకున్నాడు కదా, చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కదా, మరి చెయ్యి ఎలా కాలిందని డాక్టరు అడిగాడు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

మూడో రోజు మైదానం నుంచి వాడి సామాను సంచిలో పంపించారు. ఎడమ గ్లవ్ మసిబారి ఉంది. కుడిది శుభ్రంగా ఉంది, మట్టి తప్ప ఏమీ లేదు. సిలిండరు కూడా ఆ సంచిలోనే ఉంది. పిడి దగ్గర నైలాను కరిగి, గట్టిపడి, పసుపురంగు గుండులా అతుక్కుని ఉంది. పిన్ను దాని స్థానంలోనే ఉంది. అది పీకితేనే సిలిండరు పనిచేస్తుందట. గ్లవ్ ఉంటే ముడి దొరకదు. అందుకే తీసేశాడు.

ఏడుపు రాలేదు. సంచి మూసి మిషను కింద పెట్టాను. ఆ రోజు ఒక కారుకు రెండు సీటు కవర్లు ఇవ్వాల్సి ఉంది, కుట్టి ఇచ్చాను. కుట్లు సరిగ్గానే పడ్డాయి. భాయ్ వచ్చి చాయ్ పెట్టి వెళ్లాడు, ఏ జోకూ వేయలేదు. చాయ్ మీద మీగడ కట్టేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

తమ్ముడు ఇంటికి వచ్చాక కూడా అలాగే గడిచింది. అన్నం కలిపి పెట్టేదాన్ని, తినేవాడు. కట్టు మార్చేదాన్ని, పళ్లు బిగించేవాడు. దారం మాట నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. వాడికి తెలుసో తెలియదో నాకు అర్థమయ్యేది కాదు. చెప్పాలని రోజూ పొద్దున అనుకునేదాన్ని. చెప్తే వాడు నా ముఖం చూడడం మానేస్తాడేమోనని సాయంత్రానికి ఊరుకునేదాన్ని. తర్వాత తర్వాత అనుకోవడం కూడా మానేశాను. కాలు తిమ్మిరెక్కితే దాని మీదే కూర్చున్నట్టు ఉండేది.

చెయ్యి మానింది కానీ మూడు వేళ్లు వంగలేదు. పానా ఎడమ చేత్తో పట్టడం నేర్చుకున్నాడు. రాయడం మాత్రం కుదరలేదు. పోటీకి వెళ్లే ప్రతి కారుకు ఒక కాగితం ఉంటుంది. బెల్టు బోల్టులు, పంజరం, స్విచ్, సిలిండరు అని వరసగా రాసి, చూసినవాటికి టిక్కు పెట్టాలి. అది ఎప్పుడూ తనే రాసుకునేవాడు. ఒకరోజు ఎడమ చేత్తో రాయబోయి, కాగితం ఉండ చుట్టి పడేశాడు.

"నేను రాస్త," అన్నాను.

"నువ్వా? నీకొస్తదా ఏంది?"

"నేర్చుకుంట."

"ఎప్పుడు నేర్చుకుంటవ్, ఎప్పుడు రాస్తవ్," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

మా గల్లీ చివర ఒక హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. చెప్పే అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. ముందు ఎవరి పేరు వాళ్లకు నేర్పిస్తానంది. పేరు తర్వాత, నాకు సిలిండర్ అని రాయడం చెప్పమన్నాను.

"గ్యాస్ ఏజెన్సీ పెడ్తున్నవా పెద్దమ్మా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను.

యాభై దాటాక వేళ్లు మాట వినవు. సూది పట్టిన వేళ్లు పెన్సిల్‌ను కూడా గుచ్చడానికే చూసేవి, కాగితం చిరిగేది. ఏడాది పట్టింది. అందులోనే ఇంకో దసరా వచ్చి పోయింది. ఆ దసరాకు పూజ చేశాను కానీ దారాలు కట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

చలికాలంలో ఒక కస్టమర్ కారు పోటీకి సిద్ధమైంది. నేను మొదటిసారి కాగితం రాశాను. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. తొమ్మిది వరసలు వాడు చెప్పినవి. అడుగున పదో వరస నాకు నేనుగా రాశాను. "సిలిండరుకు దారం ఏమీ కట్టి లేదు" అని.

తమ్ముడు స్టూలు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో వరస చదివాడు. పదో దాని దగ్గర వేలు ఆగింది. నేను మిషను మీది బట్ట సర్దుతున్నాను.

"నైలాన్ది గదా," అన్నాడు.

"ఊఁ."

"నూలుదైతె తెగుతుండె."

"తెగొద్దనే కట్టిన."

బట్ట వదిలేసి వాడి వైపు తిరిగాను.

"నీకెప్పుడు ఎర్కయింది?" అని అడిగాను.

"విప్పుతున్నప్పుడే. సీటు ముడి. గది నువ్వు తప్ప ఎవలేస్తరు?"

"మరి చెప్పకపోతివి."

"చెప్తె ఏమైతుండె? వేళ్లొస్తుండెనా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఇంకేదీ కూడా లేదు. కాగితం నా చేతికిచ్చాడు. "గిది కింద పెట్టినవ్. పైన రాయాలె. ముందుగాల గదే చూడాలె."

తేలికవుతుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఇంకో కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి రాయడానికి కూర్చున్నాను. ఆ వరస పైకి రావడంతో మిగతా అంకెలన్నీ మారాయి. రెండుచోట్ల తప్పు పోయింది, కొట్టేసి రాశాను. నేను రాస్తున్నంతసేపూ కస్టమర్ బయట నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. తమ్ముడు ఆయన్ని తొందరపడొద్దన్నాడు.

రాయడం అయ్యాక కాగితం పట్టుకుని కారులోకి వంగాను. సిలిండరు పిడి చుట్టూ, పిన్ను కొక్కెం లోపల, అడుగున, వేలితో తడిమి చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి తడిమాను. తర్వాత మొదటి వరసకు టిక్కు పెట్టి, రెండోది చదివాను.