తట్టేదాకా మీట వదలకూడదు

అన్నయ్య పోయినప్పటి నుంచి మా వదిన ఏడవలేదు. డాక్టరు బయటికొచ్చి సంగతి చెబితే, "సరేనండి" అంది. ఇంటికొచ్చి ఆరిన బట్టలు మడతపెట్టింది, అన్నయ్యవి కూడా. బంధువులు బండరాయి అని పేరు పెట్టారు. నాకూ ఒళ్లు మండింది. పోయినవాడు నా తోడబుట్టినవాడు మరి. నేను ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటే, ఆవిడ ఉప్పునీళ్లు తెచ్చి పుక్కిలించమంది.

చర్చిలో పైపు ఆర్గన్‌ను శ్రుతి చేయడం అన్నయ్య పని. గోడంత ఎత్తున పైపులు, వాటి వెనక చిన్న చెక్క తలుపు. అన్నయ్య అందులో దూరి ఒక్కో పైపునూ సవరించేవాడు. అది మోగుతూ ఉండేలా వదిన బయట కూర్చుని దాని మీట నొక్కి పట్టుకోవాలి. ఆ మోతలో అరిచినా వినబడదు కనుక, పైపు కుదిరాక లోపలి చెక్కను ఒకసారి తట్టేవాడు. తడితే ఆ మీట వదిలి పక్కది నొక్కాలి. తట్టేదాకా వేలు ఎత్తకూడదు, ముక్కు దురద పెట్టినా సరే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఎవరైనా గరిటెతో గిన్నె మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు, వదిన తుడుస్తున్న కంచం పక్కన పెట్టి ఇంకోటి అందుకునేది. మేము కావాలనే గరిటె కొట్టి నవ్వుకునేవాళ్లం.

పని ముగిసేసరికి ఇద్దరూ దుమ్ము కొట్టుకుపోయి ఉండేవాళ్లు. ఇస్త్రీ బట్టల్లో కచేరీ జనం వచ్చేలోపే ఇంటిదారి పట్టేవాళ్లు. అలా ఆ పైపులన్నిటినీ విడివిడిగా విన్న వదిన ఒక్క కచేరీ కూడా వినలేదు.

అన్నయ్య జ్ఞాపకార్థం చర్చివాళ్లు కచేరీ పెట్టారు. ముందు వరసలో వదిన, ఆవిడకు అటూ ఇటూ మా మేనకోడలూ నేనూ. పిల్ల సంచీ నిండా చేతిరుమాళ్లు తెచ్చింది. ఇక్కడైనా ఏడవకపోతే అమ్మ ఇక మనకు దక్కదని దాని భయం. వదిన అప్పటికే చిక్కి సగమైంది. నాకూ భయంగానే ఉంది.

కచేరీ మొదలైంది. నేల అదిరింది, నా పక్కటెముకలు అదిరాయి. నేను మళ్లీ ఏడ్చాను. వదిన మాత్రం బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. బాగుందా అని అడిగితే, అన్నీ కలిపి మోగిస్తే ఏం తెలుస్తుంది అంది.

చివరి పాట ముగించి వాయించేవాడు మీటల మీంచి చేతులు తీశాడు. అయినా ఒక సన్నటి స్వరం ఆగలేదు. ఎక్కడో ఏదో ఇరుక్కుని ఒక్క పైపు మోగుతూనే ఉంది. జనం చప్పట్లకు ఎత్తిన చేతులు అలాగే ఉంచుకుని దిక్కులు చూశారు. అన్నయ్య స్థానంలో కొత్తగా కుదిరిన మనిషి పరుగున వెళ్లి చెక్క తలుపులో దూరాడు.

అప్పుడు చూశాను వదిన చేయి. చూపుడువేలు మోకాలిని గట్టిగా నొక్కి పట్టుకుంది. గోరు తెల్లబడింది. కళ్లు ఆ చెక్క తలుపు మీదే ఉన్నాయి.

కొత్త మనిషి ఆ పైపును పైకి లాగేశాడు కాబోలు, మోత ఆగిపోయింది. జనం హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టారు. అతను చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. తట్టడం గురించి అతనికేం తెలుసు. అందరూ లేచి వెళ్లిపోయారు. వదిన లేవలేదు, వేలు తీయలేదు.

"అయిపోయిందమ్మా, ఇంటికెళదాం" అంది మేనకోడలు.

"మీ నాన్న ఇంకా తట్టలేదుగా" అంది వదిన.

ఆ మాట తన చెవినే పడినట్టు ఆగిపోయింది. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగింది.

"ఇంక తట్టరు కదూ?"

కూర్చున్న బల్ల మీద వేలి కణుపుతో ఒకసారి తట్టాను.

వదిన వేలు ఎత్తింది. అలవాటు కొద్దీ పక్కకు జరిపింది. అక్కడ కూతురి చెయ్యి ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంది.