హో అంటే ఆగే బండి

గౌలిపురలో మా మేనత్తవాళ్లది పాల వ్యాపారం. బర్రెను ఆపాలంటే వీపు తట్టి "హో... హో" అనడం ఆమెకు చిన్ననాటి అలవాటు. ఇంటింటికీ పాలు పోయడానికి స్కూటర్ కొన్నాక, నేను నేర్పుతుంటే బ్రేకు వేసిన ప్రతిసారీ అదే మాట.

"అత్తా, టెస్టుల గిట్ల అనకు, నవ్వుతరు," అన్నాను.

"నవ్వనీ బిడ్డా. చెప్పకుంటే బండి ఎట్ల ఆగుతది?"

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకెలా తిరగాలి. ప్రతి మలుపులోనూ "హో... హో" వినిపించింది. పక్కన నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లలో చాలామంది కాలు కింద పెట్టి ఫెయిలైనవాళ్లే. అత్త కాలు మాత్రం నేలను తాకలేదు.

"పాసైనవమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అత్త దిగి సీటు తట్టింది. "శభాష్ నా తల్లీ!"

మెప్పంతా బండికే ఇచ్చేసింది. అందుకని ఆమె వీపు నేను తట్టాను. "హో" మాత్రం అనలేదు.