సిస్టరమ్మ పేరుతో ట్యాబు తెరిచిన వారం

ఇప్పుడంటే కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతున్నాను గాని, ఆ రోజుల్లో నాకున్న విద్య ఒక్కటే, ముగ్గు. హుజూరాబాద్ దగ్గర ఒక దవాఖానలో ఆయాగా చేరేనాటికి నాకు ముప్ఫై నిండలేదు. వార్డుకు ట్యాబులు వచ్చిన కొత్త అది. జ్వరం, బీపీ, ఇచ్చిన మందులు అన్నీ సిస్టర్లు అందులో ఎక్కించాలి. తెర మీద సిస్టర్ల ఫొటోలు వరసగా ఉండేవి. ఎవరి ఫొటో వాళ్లు నొక్కి, తొమ్మిది చుక్కల మీద వేలితో తమ గీత గీస్తే తెరుచుకునేది. వాళ్ల చేతులకు ఎప్పుడూ గ్లౌజులో, మందు తడో. అందుకని "జర తెరువవే" అని నాకే చెప్పేవాళ్లు. చుక్కలు కలపడం నాకు ఒకరు నేర్పాలా? నెల తిరక్కుండా ఏడుగురి గీతలూ నా వేలికి వచ్చేశాయి. (ఒకామెది అడ్డంగా ఒక్కటే గీత. ఈమె వాకిలి ఎట్లా ఉంటుందో అని బెంగపడ్డాను.)

పెద్ద సిస్టరమ్మ సంగతి వేరు. మిషన్ చర్చి కుటుంబం వాళ్లది. ఉద్యోగం చివరి ఏళ్లలో ఉంది. చంటిపిల్లకు నరం దొరక్క అందరూ చేతులెత్తేస్తే ఆమె వచ్చేది. పిల్ల తల్లితో పత్తి చేను సంగతులు మాట్లాడుతూనే సూది పెట్టేసేది. ఏడవాలని పిల్లకు గుర్తొచ్చేసరికి పట్టీ వేయడం కూడా అయిపోయేది. అంత చేయి ట్యాబు దగ్గర మాత్రం తడబడేది. అందుకే రోజంతా అందరి లెక్కలూ తలలో పెట్టుకుని, డ్యూటీ దిగే ముందు ఒక్కసారి నాతో తెరిపించుకుని, కోడి గింజలు ఏరినట్టు ఒక్కో అక్షరం పొడుస్తూ ఎక్కించేది.

అట్లాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి సర్వే మేడం దిగింది. నర్సులు ట్యాబులు ఎంత వాడుతున్నారో వారం రోజులు కొలుస్తుందట. (కొలవడమంటే టేపు తెస్తుందనుకున్నాను.) ఎవరు ఎన్నిసార్లు, ఏ వేళ తెరిచారో ట్యాబే చెప్పేస్తుందట. మేడం మాత్రం ఒక పక్కన స్టూలేసుకుని, మంచాల దగ్గర జరిగేదంతా కాగితం మీద రాసుకునేది. తక్కువ వాడినవాళ్లను వార్డు నుంచి తీసి మందుల స్టోరుకు పంపుతామని పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు. ఆ పూట సిస్టరమ్మ ఒకే మనిషికి రెండుసార్లు బీపీ పట్టీ కట్టింది. రోగుల చేతులు పట్టుకున్న మనిషి ఇక అట్టపెట్టెలు పట్టుకోవాలా అని రాత్రంతా ఆలోచించాను.

మరునాటి నుంచి నేను పని మొదలుపెట్టాను. చీపురు పట్టుకుని పోతూ ఒకసారి, బెడ్‌పాన్ కడిగి వస్తూ ఒకసారి (చేతులు కడుక్కున్నాకే) సిస్టరమ్మ ఫొటో నొక్కడం, గీత గీయడం, మూసేయడం. లోపల దేన్నీ ముట్టలేదు. ఆదివారం వార్డు కాస్త ఖాళీగా ఉండటంతో ఇంకా శ్రద్ధగా చేశాను.

సోమవారం మేడం అందరినీ పిలిచింది. దవాఖాన మొత్తంలో ట్యాబు అందరికంటే ఎక్కువ వాడింది పెద్ద సిస్టరమ్మేనని చెప్పింది గాని మేడం ముఖంలో సంతోషం లేదు. ఆదివారం ఒక్కరోజే నలభైసార్లు తెరిచారేమిటని అడిగింది. సిస్టరమ్మ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"ఆదివారం నేను చర్చిల ఉన్న మేడం. ఆడ కండ్లు మూసుకున్న గని గిది తెరువలే."

నవ్వులు ఆగాక అందరి చూపూ నా మీద పడింది.

"నేనే తెరిచిన మేడం," అన్నాను. "సిస్టరమ్మను స్టోరుకు పంపుతరని పరేషానై చేసిన. నాకు సదువు రాదు, లోపల ఏం జేయలే."

మేడం నమ్మలేదు. ఏదీ తెరిచి చూపించమంది. సిస్టరమ్మదే కాదు, భయంలో ఏడుగురివీ తెరిచి చూపించాను. మేడం కాగితాల కట్ట ఒళ్లో పడేసుకుంది.

"అంటే వారం నుంచి నేను కొలుస్తున్నది ఈమెనా?"

సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "నాయి కానియి తీసెయ్యి మేడం. నాకు ఎన్నుంటే అన్నే రాయి," అంది. తెరిచి ఏమీ ఎక్కించకుండా మూసినవన్నీ తీసేస్తే ఆరు మిగిలాయి, డ్యూటీ చేసిన రోజుకు ఒకటి చొప్పున. అయితే మేడం న్యాయమైన మనిషి. మంచాల పక్కన తాను రాసుకున్న అంకెలన్నీ తీసి, సిస్టరమ్మ సాయంత్రాలు ఎక్కించిన వాటితో పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్కటీ తప్పలేదు, ఒక్కటీ వదల్లేదు. మాటిమాటికీ తెరిచిన వాళ్లవాటిలోనే ఖాళీలున్నాయి. రెండు సంగతులూ రాసి పెద్ద డాక్టరుకు ఇచ్చింది. ఆయన స్టోరు మాట ఎత్తలేదు. నెలలోగా మంచం దగ్గరే ఎక్కించడం నేర్చుకోవాలని మాత్రం అన్నాడు.

సిస్టరమ్మ నేర్చుకుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కకు జరిపి రోజూ ట్యాబు ముందు కూర్చునేది. నన్ను తిడుతుందనుకున్నాను. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"సదువు రాకనే గింత పని జేసినవ్. వస్తె ఏం జేస్తవో సూడాలె," అని పాత కాగితం వెనక అ, ఆ రాసి ఇచ్చింది. ఆమె తన అక్షరాల కోసం తెర మీద వెతుక్కుంటుంటే నేను నా అక్షరాలు దిద్దేదాన్ని. ఎవరు ముందు విసుక్కుంటారా అని ఒకరినొకరు ఓరకంట చూసుకునేవాళ్లం. ఆమె విసుక్కోలేదు, కాబట్టి నాకు వీలుపడలేదు. ఆమె ఆ వార్డులోనే, రోగుల మధ్యే రిటైరయింది.

నేను కూడబలుక్కుని నలుగురి ముందు మొదటిసారి చదివింది నర్సుల గది తలుపుకు అంటించిన కాగితం. "ట్యాబులను ఆయాలు తాకరాదు." అది ఎవరి పుణ్యమో తోటి ఆయాలందరికీ తెలుసు. అయినా నన్ను తలుపు ముందు నిలబెట్టి రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి ఇంకా గట్టిగా చదివాను. తన మీద వేసిన ఆంక్షను అంత గర్వంగా చదివిన ఆ పిచ్చిది గుర్తొస్తే, ఇప్పటికీ కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వస్తుంది.