పేరు తేలని ముక్కు పురుగు, మా వీరాచారి

నిన్న పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫోన్ వచ్చింది. వీరాచారి పోయాడని వాళ్లమ్మాయి చెప్పింది.

సరేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ పళ్లు తోముకున్నాను.

గుండెపోటు అట. నిద్రలోనే.

నంద్యాల నుంచి సొంతూరు ఆళ్లగడ్డకు తీసుకుపోయి ఈరోజు సమాధి చేశారు. వెళ్లాను, వచ్చాను. ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా కాలేజీలో ఆయన జువాలజీ చెప్పేవాడు, నేను చరిత్ర. రిటైరయ్యాక ఇద్దరం నంద్యాల పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లం.

పోయిన వానాకాలం మా వాకర్స్ సంఘం అధ్యక్షుడు మందారాకు మీద ఒక పురుగును ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. కొబ్బరి చెట్లను తొలిచి చంపే ఎర్ర ముక్కు పురుగు ఇదేనట, పార్కులో కొబ్బరి చెట్లన్నీ కొట్టేయించాలట. ఫోన్లో యాప్ చెప్పిందట.

గ్రూపంతా బొటనవేళ్లు లేపింది. చదువుకున్నవాళ్లే అందరూ. చెట్లకు రంగు గుర్తులు కూడా పడ్డాయి.

వీరాచారి అడిగింది ఒక్కటే. "ఫోటో సరేప్పా. పురుగు ఎంతుండాది?"

బియ్యపు గింజంత ఉంది. ఫోటోను పెద్దది చేసి చూసి, బొటనవేలంత పురుగు పేరు దానికి తగిలించారు.

"ముక్కు ఉండాది గదా సారూ" అన్నాడు అధ్యక్షుడు.

"నీకూ ఉండాది, నాకూ ఉండాది. ఇద్దరం ఒకటేనా?"

మరుసటి పొద్దున ఆయన పాత గొడుగును తలకిందులుగా తెరిచి, మందార కొమ్మ కింద పెట్టి, కర్రతో కొమ్మను తట్టాడు. పురుగులు గొడుగులో రాలాయి. చూసినవాళ్లు నవ్వారు.

"ఏంది సారూ, వాననీళ్లు పడతాండావా?"

"పురుగులు పడతాండా. ఈడికి రాప్పా, నిన్నూ తట్టి చూస్తా. ఏం రాల్తాయో."

బూడిద రంగు, పొట్టి ముక్కు. ఆకు అంచులు కొరుక్కుతింటుంది, మానును తొలవదు. వాటిని ఒక సీసాలో వేసి పట్టుకుని ఆయన మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. చెట్లు నిలిచాయి.

చెట్లు కాపాడినందుకు పార్కులో శాలువా కప్పారు. అధ్యక్షుడికి. వీరాచారి వెనక కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు.

"ఇంతకీ దాని పేరేందప్పా?" అని నేనడిగాను.

ఇంటిపేరు దొరికిందట, సొంత పేరు దొరకలేదట. ఒకేలా ఉండే అన్నదమ్ములు చాలామంది. పురుగు తొడ మీది ముల్లు చూసి ఏ రకమో తేల్చాలి. ఆయన కంట్లో శుక్లం. భూతద్దం పెట్టినా మసకే.

"ఏదో ఒకటి చెప్పు, ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"మా నాయన ఏ విగ్రహానికైనా ముక్కు ఆఖర్న చెక్కేటోడు. ముందే చెక్కితే, ఉలి జారినప్పుడు మొదట పొయ్యేది అదే. పేరు గూడా అంతేప్పా. ఆఖర్న."

శుక్లం తీయించుకుని చూస్తానన్నాడు. ఆపరేషన్ వచ్చే వారం ఉండింది.

ఈరోజు సమాధి దగ్గర అధ్యక్షుడు అందరికన్నా పెద్ద దండ తెచ్చాడు. "మన పార్కులో ఎర్ర ముక్కు పురుగును కనిపెట్టిన మహానుభావుడు" అని మాట్లాడాడు.

"అది ఎర్రదీ కాదు, కొబ్బరిదీ కాదు" అన్నాను.

"చావు కాడ గూడా ఏందప్పా నీ రచ్చ" అని ఎవరో నా చెయ్యి పట్టి లాగారు.

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. గ్రూపులో ఆయన ఫోటో కింద ఆ ఎర్ర పురుగు బొమ్మ పెట్టినవాళ్లు తీసేయండి. చెట్లు నిలబెట్టింది వీరాచారి. పురుగు పేరు తేలలేదు. తేలలేదనే రాయండి. మీకు తోచిన పేరు పెట్టి, కనిపెట్టింది ఆయనే అనకండి. ఆయన అనలేదు.

వెళ్లిరా వీరాచారీ. ఇక కళ్లు చికిలించే పని లేదు. నెమ్మదిగా ఉండప్పా.