బటన్ ఇడువు అన్నా

మా ట్రక్కు నర్సాపూర్ అడవి దాటి మెదక్‌లోకి వచ్చేసరికి వాన ఇంకా కురుస్తూనే ఉంది. సెల్ టవర్లు పనిచేయడం లేదు. నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దార్‌ని. ఈసారి తుపాకులు తేలేదు. రేడియో సెట్లు, బ్యాటరీలు, కేబుల్ చుట్టలు, ఏంటెన్నా నిలబెట్టే ఒక ఇనుప మాస్ట్ తెచ్చాం.

సుబేదార్ సాబ్ ఆర్డర్ చిన్నది. "పోలీసుల సెట్ ఫైర్ వాళ్ళకు వినపడదు. అంబులెన్సులకు సెల్‌ఫోనే దిక్కు, అదీ పోయింది. మన సెట్లు ముగ్గురికీ ఇవ్వు. అందరూ ఒకే చానెల్‌లో మాట్లాడాలి. రిపీటర్ ఖిల్లా గుట్ట మీద పెట్టు."

రిపీటర్ ఒక పెట్టె. కింద నుంచి బలహీనంగా వచ్చే మాటను పట్టుకుని చుట్టుపక్కల మండలాలకంతా వినిపిస్తుంది. సెట్లు పంచి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. మెట్ల మీద నీళ్ళు వాగులా దిగుతున్నాయి. వైర్‌లెస్ కానిస్టేబుల్ రూత్ నాతో వచ్చింది. చర్చి దగ్గరే ఆమె ఇల్లు. బ్యాటరీకి తన రెయిన్‌కోటు చుట్టి, తను తడుస్తూ ఎక్కింది. పాత గోడకు మాస్ట్ కట్టి, దాని కిందే టార్పాలిన్ వేసుకుని కూర్చున్నాం.

గుట్ట మొత్తానికి ఎత్తైన ఇనుము మా మాస్టే. చుట్టూ మెరుపులు.

"సార్, దీని మీద పిడుగు పడితెనో?"

"పడదు," అన్నాను. నా గొంతును నేనే నమ్మలేకపోయాను. సరిహద్దులో కాపలా కాసినవాణ్ణి. అక్కడ దాక్కోవడానికి బంకర్ ఉండేది.

పోలీసులు పలికారు. ఫైర్ పలికింది. అంబులెన్సులు పలికాయి. రూత్ నవ్వింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

"బండి కదుల్తున్నది! నీళ్ళు లోపటికొస్తున్నయ్! ఎవలన్న రాండ్రి!"

ఎల్దుర్తి దిక్కు నుంచి కాన్పు నొప్పుల మీదున్న మనిషిని తెస్తున్న అంబులెన్స్ డ్రైవర్. వాగు మీద కల్వర్టు దగ్గర చిక్కుకున్నాడు. మాట ఆగింది, బటన్ మాత్రం వదల్లేదు. అతని ఊపిరి, వెనక ఆడమనిషి అరుపు, రేకును కొడుతున్న నీళ్ళు. చానెల్ నిండా అవే.

ఒకే చానెల్‌లో ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే ఇంకెవరి మాటా పోదు. అతనికీ ఏదీ వినపడదు. ఫైర్ వాళ్ళు ఆ వాగు ఒడ్డుకు చేరారో లేదో కూడా మాకు తెలియదు. కాసేపటికి సెట్ దానంతటదే మాట తెంచేస్తుంది. అతను భయంతో వెంటనే మళ్ళీ నొక్కుతున్నాడు. మధ్యలో దొరికేది రెప్పపాటు. మొదటిసారి నేను నొక్కేలోపే ఆ సందు దాటిపోయింది. రిపీటర్ ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే అతని గొంతూ పోతుంది.

రూత్ నా చేతిలోంచి సెట్ లాక్కుంది. కళ్ళు మూసుకుని వింది. సందు రాగానే అరిచింది.

"బటన్ ఇడువు అన్నా!"

నిశ్శబ్దం. అతను చచ్చిపోయాడనుకున్నాను.

తర్వాత ఫైర్ లీడర్ గొంతు. "డ్రైవరన్నా, మేము నీ ఎనుకనే ఉన్నం. పక్క డోర్ తియ్యకు. ఎనుక డోర్ తియ్యి, తాడు ఇసురుతున్నం. ముందుగాల ఆ తల్లికి కట్టు. పరేషాన్ గాకు."

ఆ తర్వాత చానెల్ నిండా వాళ్ళిద్దరి మాటలే. చాలాసేపటికి ఫైర్ లీడర్ అన్నాడు. "అందరు ఒడ్డుకొచ్చిండ్రు. బండి పోయింది."

రూత్ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. అప్పుడే మంజీర ఒడ్డున ఉన్న పోలీసు పార్టీ పిలిచింది. చానెల్‌లో మా పేరు 'గుట్ట'.

"గుట్టా, మేము గింతసేపటి సంది పిలుస్తనే ఉన్నం. మాట పోతలేదు. చేపలు పట్టెటాయన ఒకాయన చెట్టు మీద చిక్కిండు, పడవ గావాలె అని చెప్పనీకె."

"పంపిస్తమన్నా. ఏడ ఉన్నరో చెప్పు," అంది రూత్.

"ఇగ ఒద్దు మేడం. చెట్టే లేదు."

వాన గట్టిగా పడుతోంది.

నీళ్ళు తగ్గి, ఫోన్లు పలికాక, వెనక్కి రమ్మని ఆర్డర్ వచ్చింది. గుట్ట కింద ట్రక్కులో సామాను ఎక్కిస్తుంటే ఆ డ్రైవర్ వచ్చాడు. నేనూ రూతూ అతన్ని చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, చేతికి కట్టు. నీళ్ళలోనూ వదలకుండా తెచ్చిన సెట్‌ను నాకప్పగించాడు.

"ఆడివిల్ల పుట్టింది సార్. తల్లీ పిల్లా మంచిగున్నరు. మేడం, ఆ యాల్ల మీరు బటన్ ఇడువుమని ఒర్లకపోతె మేము ఉండకపోదుము. మా వల్ల ఎవలకన్న తక్లీఫ్ అయిందా?"

రూత్ నా వైపు చూసింది.

"ఏం గాలేదన్నా. ఇంటికి పో," అంది.

అతను దండం పెట్టి ట్రక్కు పక్కనే నిలబడ్డాడు. నేను ఎక్కి కూర్చున్నాను. బండి కదిలింది. ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గర ఉన్నాను. మెదక్ అంటే అందరూ చర్చి గురించి అడుగుతారు, ఖిల్లా గురించి అడుగుతారు. నాకు కనిపించేది ఆ డ్రైవర్ కుడి చెయ్యి. మమ్మల్ని సాగనంపుతూ నవ్వుతున్నాడు. కిందికి వేలాడుతున్న ఆ చేతిలో ఏమీ లేదు. అయినా బొటనవేలు నొక్కుతోంది, వదుల్తోంది, మళ్ళీ నొక్కుతోంది. అతనికి ఆ సంగతి తెలియదు.