నోట్లో వేపపుల్లతో తీసిన నా మొదటి వీడియో: ఆత్మకూరు, ఉదయగిరి ప్రయాణం

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. నేను నోటుబుక్కులో రాసిచ్చినదాన్ని మా కోడలు ఫోనులో కొట్టి పెడుతోంది. తప్పులు నావే, మన్నించండి. మర్రిపాడు దగ్గర గొర్రెలు కాసుకునేవాణ్ణి. చదివింది ఐదు. నలుగురిలో మాట పెగలదు. అలాంటివాణ్ణి ఒక్క రోజులో వీడియో తీయడం నేర్చుకుని, ఆ సాయంత్రమే తీశాను కూడా. ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఉదయగిరిలో నా చిన్నప్పటి స్నేహితుడు ఖాదరు ఉన్నాడు. కొయ్యతో స్పూన్లు, గరిటెలు, దువ్వెనలు చెక్కడం వాళ్ళ ఇంటి పని. మొన్నామధ్య ఫోను చేశాడు. "చెయ్యి వణకతా ఉండాదిరా మాలకొండయ్యా. ఇంకొక్క దువ్వెన చేసి ఆపేస్తా. షాహినాకి అన్నీ నేర్పినా, సన్నపళ్ళు కోసేది ఒక్కటే నేర్పలా. నువ్వొచ్చి వీడియో తియ్యి" అన్నాడు. షాహినా అతని కూతురు. కడపలో కాపురం, చంటిబిడ్డతో ఇప్పట్లో రాలేదు. నాకేం తెలుసు, ఫోటోల షాపువాళ్ళను పిలుచుకోమన్నాను. "పరాయోళ్ళ ముందర చెయ్యి వణికితే సిగ్గురా. నీ దగ్గర నాకు సిగ్గేంది?" అన్నాడు. బాగా ఆరిన కొయ్య ఒక్క ముక్కే మిగిలిందట. అది చెడితే మళ్ళీ లేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు మర్రిపాడులో బస్సెక్కాను. నా కర్ర కూడా వెంట తెచ్చుకున్నాను, అది లేకుండా నడవలేను. టికెట్టు అడగకుండా ఊరికే కూర్చుంటే కండక్టరు వచ్చి, "ఫ్రీ ఆడోళ్ళకే తాతా, నీక్కాదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నలభై రూపాయలు ఇచ్చి కిటికీ వైపు తిరిగిపోయాను. గంటకు ఆత్మకూరు చేరాను. బస్టాండు ఎదురుగా ముప్పై రూపాయలకు మూడు ఇడ్లీలు తిని, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే సరళమ్మ దగ్గరికి వెళ్ళాను. షాపు మొదటి అంతస్తులో ఉంది. గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో! చివరికి ఆమే బయటికొచ్చి, "ఏంది పెదనాయనా, పెళ్ళెవరికి?" అని అడిగింది.

సంగతి విని కూర్చోబెట్టింది. రెండు గంటల పాఠానికి మూడు వందలు. ముందు నా ఫోను వెనకాల అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. "సగం వీడియోలు ఈ జిడ్డుతోనే పోతాయి" అంది. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. వెలుతురు మనిషి మీద పక్కనుంచి పడాలి, వెనకనుంచి కాదు. మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్ పెట్టాలి. ముందు దూరంనుంచి ఇల్లు, తర్వాత మనిషి, ఆ తర్వాత చేతులు. ఒక్కోదాన్ని పది లెక్కపెట్టేదాకా కదలకుండా తీయాలి.

కదలకుండా అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మందను కాసేవాడు కర్ర మీద గడ్డం ఆనించి, ఒంటికాలి మీద పూటంతా నిలబడగలడు. కర్రకు సైకిల్ ట్యూబు ముక్కతో ఫోను కట్టాను. కింద వీధిని తీసి చూపిస్తే సరళమ్మ నోరు తెరిచింది. "నా స్టాండు కూడా ఇంత గట్టిగా నిలబడదు పెదనాయనా!" అంది. కానీ సౌండు పెంచగానే ముఖం మారింది.

"ఈ ట్చ్ ట్చ్ ఏంది?"

"నేనేమీ అనలేదే అమ్మా."

మళ్ళీ వేసింది. నేనే. వీధిలో జనం కదిలితే ట్చ్, ఆగితే ట్చ్ ట్చ్. యాభై ఏళ్ళు గొర్రెలను అదిలించిన నాలుక, నాకు చెప్పకుండా దాని పని అది చేసుకుపోతోంది! ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "పోనీలే, పాట వేసి కప్పేస్తా" అని ధైర్యం చెప్పింది.

ఒంటిగంట బస్సుకు ఉదయగిరి. దాదాపు రెండు గంటల దారి. కొండ కనబడగానే ఫోను తీసి అద్దం ఇంకోసారి తుడిచాను. ఖాదరు వరండాలో చాప పరిచి కూర్చుని ఉన్నాడు. పక్కనుంచి వెలుతురు చక్కగా పడుతోంది. ఇల్లు తీశాను, ఖాదరును తీశాను. ఇక దువ్వెన పళ్ళు కోయాలి. చిన్న రంపం చేతిలోకి తీసుకుని అన్నాడు. "కంటితో చూస్తే తెలీదురా ఇది. చప్పుడు వినాల. గరగరమంటే ఇంకా పోవచ్చు. కీసుమని సన్నగా వస్తే ఆపాల. రవ్వంత దాటినా పన్ను ఇరిగిపోద్ది."

నా ట్చ్ ట్చ్ గుర్తొచ్చింది. పాట వేసి కప్పితే షాహినాకు మిగిలేదేముంది? గబగబా పెరట్లోకి వెళ్ళి, వేపపుల్ల విరిచి పళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకున్నాను. "ఇప్పుడు పళ్ళు తోముతావేందిరా?" అన్నాడు. చెయ్యి ఊపి మొదలుపెట్టమన్నాను.

నలభై నిమిషాలు. గరగర, కీసు, ఆపు. సగం దాటాక ఖాదరు చెయ్యి వణికింది. రంపం ఆగిపోయింది. ఆగిన గొర్రెను చూస్తే నా నోరు ఊరుకోదు. నాలుక లేచింది, పుల్లను గట్టిగా కొరికాను. చేదు గొంతులోకి దిగింది. ఖాదరు కళ్ళు మూసుకుని, మోచేతిని మోకాలికి ఆనించి, మళ్ళీ గరగరమనిపించాడు. చివరి పన్ను తెగేసరికి నా నోట్లో పుల్ల రెండు ముక్కలైంది. ఖాదరు చూసి, "దువ్వెన నాది, కష్టమంతా నీదే అయినట్టుండాది కదరా!" అన్నాడు. ఇద్దరం ఆయాసం వచ్చేదాకా నవ్వాం.

ఆ వీడియోను షాహినాకు పంపాను. నాలుగో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామా, ఫోను పక్కన పెట్టుకోని వింటా కోసినా. నాయన చెయ్యి ఆగినకాడ నేనూ ఆగినా. రెండు పళ్ళు ఇరిగినాయి, మిగతావి నిలబడినాయి." దాని వెనకాల గరగర వినిపించింది. నేనింకా ఖాదరు ఇంట్లోనే ఉన్నాను, అతనికి వినిపించాను. మళ్ళీ వెయ్యమన్నాడు, మళ్ళీ వెయ్యమన్నాడు.

ఈ వయసులో నాకు తెలిసింది ఇంతే. బొమ్మ తీయాలంటే చెయ్యి నిలబడితే చాలనుకున్నాను. ఎదుటివాడి పని వినపడాలంటే మన నోరు కూడా నిలబడాలి. మీరు వెళ్ళి తీసేముందు ఒక్క నిమిషం ఉత్తినే తీసి, కళ్ళు మూసుకుని వినండి. మీకు తెలియకుండా మీరు చేసే చప్పుడేదో బయటపడుతుంది. అదేమిటో నాకు తొందరగా జాబు రాయండి. నాకొక్కడికే ఇలా ఉందేమోనని కొంచెం సిగ్గుగా ఉంది.